ఈకల మంచు

సినిమా కోసం ఊరి హాలు కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టారు గానీ మూడో కిటికీ దుప్పటి పొట్టిదయింది, కింద జానెడు సందులోంచి ఆదివారం మధ్యాహ్నపు ఎండ లోపలికి జారి అత్తగారి బూట్ల మీద పడుతోంది. ఆ బూట్లకు పొద్దున్న కోడలు ఒటీలియా తనే పందికొవ్వు పట్టించింది. ఇంకాస్త రుద్దవే, ఎవరి సినిమాకనుకున్నావు, నా కొడుకుల సినిమాకి, అంది అత్తగారు రొజాలియా కాళ్ళు చాచుకుని కూర్చుని. రెండు కళ్ళలోనూ పొరలు కమ్మిన మనిషి, వెలుగు ఎటుందో తప్ప మరేమీ తెలియని మనిషి, సినిమా చూస్తానని నెల రోజులుగా పట్టుబట్టి ఇవాళ ఊరందరికంటే ముందొచ్చి రెండో వరసలో బెంచీ చివర కూర్చుంది. "నువ్వు చెబుతూ ఉండు, నేను వింటూ ఉంటా," అంది కోడలితో. ఒటీలియా ఆవిడ పక్కన కూర్చుని, ఇంకా వెలగని తెర వైపు కూడా చూడలేక, ఆ బూట్ల వైపే చూస్తోంది. చలిగా ఉంది అత్తా, దగ్గు ఎక్కువవుతుంది, అని చెప్పి చూసింది. హాలంతా చుట్టపొగ అంది. చివరికి, బాగోలేదట అత్తా, రాజధానిలో వారం కూడా ఆడలేదట, పేపరు వాళ్ళు రెండు ముక్కలు రాసి వదిలేశారట, అని కూడా అంది. "ఆడకపోతే మాననీ. మనూరిదే కదా," అంది అత్తగారు. నిజమే, మనూరిదే. 'కొండలు మరిచిపోవు' అని దాని పేరు. ఎవరికీ గుర్తుండని సినిమా, ఈ హాల్లో కూర్చున్న వాళ్ళు మాత్రం చచ్చేదాకా మరిచిపోలేని సినిమా.

ఊళ్ళోని గిజెలా ఆ సినిమా ముందే చూసింది. కిందటి నెల పట్నంలో చెల్లెలింటికి వెళ్ళి చూసొచ్చి, బావి దగ్గర, బకెట్టు నిండేదాకా ఆ మాటా ఈ మాటా చెప్పి, ఆఖర్న ఒటీలియాకు చెప్పింది. "నువ్వు కనబడతావే అందులో. బాగానే కనబడతావు." ఎక్కడ, అంటే, "దిగువ మైదానంలో. మగవాళ్ళని తోసుకుపోతుంటారు చూడు, అక్కడ," అని, కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "నవ్వుతున్నావే, ఒటీలా," అంది. ఒటీలియా చేతిలో గిలక తాడు జారి బకెట్టు మళ్ళీ నీళ్ళలోకి పోయింది. "రెప్పపాటేలే. పళ్ళు కనబడతాయంతే. ఎవరు గమనిస్తారు?" ఎవరు గమనిస్తారు. ఊళ్ళో ప్రతివాడూ తన మొహం కోసం, తన వాళ్ళ మొహాల కోసం, తన కంచె కోసం, తన మేక కోసం కళ్ళు చించుకుని చూడబోతుంటే ఎవరు గమనిస్తారట. ఆ నెలంతా ఆమెకు రొట్టె సయించలేదు. అద్దంలో చూసుకుంటే ముందు పళ్ళే కనబడేవి.

దీపాలు ఆర్పారు. వెనక ప్రొజెక్టరు కీచుమంటూ మొదలైంది, తెర మీద కొండలు వచ్చాయి, హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది, అదిగో మన గంట గోపురం, అదిగో పై బాట, అని బెంచీలు కిర్రుకిర్రుమన్నాయి. "ఏం జరుగుతోంది?" అంది అత్తగారు. కొండలు అత్తా, మన కొండలే, మంచు. "ఎవడే ఆ గొంతు?" దళం నాయకుడు అత్తా, మన ఓండ్రెయ్ లాంటివాడు, ఊరివాడే, జర్మన్ల మీద పోరాడటానికి అడవిలోకి పోయి దళంలో చేరాడు. "ఓండ్రెయ్ నత్తివాడు కదే." సినిమాలో నత్తి లేదత్తా. "అయితే వాడు కాదు," అంది రొజాలియా, చేతులు కట్టుకుంది. తెర మీద ఆ ఎత్తయిన నటుడు, తెల్లటి పళ్ళవాడు, పట్నపు మాటల్లో మాతృభూమి గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. పద్నాలుగేళ్ళ కిందట, యుద్ధంలో, ఆమె మొగుడు ఓండ్రెయ్ ఆ రోజు గడపలో నిలబడి, బూటు తాడు కట్టుకుంటూ, వ-వ-వస్తా, అన్నాడు. అంతే. ఆ మూడు వ-లకు చిరాకుపడి, సరే వెళ్ళు, అంది తను, చేతులు పిండిలో ఉన్నాయి, తలెత్తి చూడలేదు. పెళ్ళయి రెండేళ్ళు, ఇద్దరి మధ్యా ఇంకా మాట కుదరని రోజులు, కుదురుతుందిలే తొందరేముంది అనుకున్న రోజులు. అతని తమ్ముడు బ్లాజెయ్ బయట మంచులో నిలబడి ఈల వేశాడు. దళంలో చేరటానికి బయల్దేరిన ఆ అన్నదమ్ములు పై ఊరి మలుపు దాటకుండానే పట్టుబడ్డారు.

సినిమా వాళ్ళు వచ్చింది మే నెలలో. మంచు కావాల్సిన సినిమాకు మే నెలలో వచ్చారు, చలికాలమంతా ఎవరో ఏదో కాగితం మీద సంతకం పెట్టలేదట. చెర్రీ చెట్లు విరగబూసి ఉన్నాయి, పర్లేదు, దూరం నుంచి కొమ్మల మీద మంచు లాగే ఉంటుంది అన్నాడు దర్శకుడు, బక్క మనిషి, ఎప్పుడూ మెడకు మఫ్లరు. నేల మీద సున్నం చల్లారు, కళ్ళు మండి పసిపిల్లలు ఏడ్చారు, అప్పుడు ఈకలు అడిగారు. ప్రతి ఇంట్లోనూ చలికాలమంతా ఆడవాళ్ళు కూర్చుని దూసి దాచుకున్న బాతు ఈకలు, బొంతల్లోకీ దిండ్లలోకీ, ఇవ్వమంటే మొదట నవ్వారు, మా పడకలు ఊరేగిస్తారేంటయ్యా అన్నారు, తరవాత ఒక్కొక్కరే సంచులు మోసుకొచ్చారు. ఒటీలియా తన బొంత విప్పింది. పెళ్ళి బొంత ఇంటితోపాటే కాలిపోయింది, ఇది తరవాత కుట్టుకున్నది, ఇద్దరికి సరిపోయేంత వెడల్పు, ఎందుకు అంత వెడల్పు కుట్టుకుందో తనకే తెలియదు. ఆ ఈకలన్నీ దిగువ మైదానం మీద పోశారు. పెద్ద పంకా తిప్పగానే అవి లేచి సుడి తిరిగాయి, ఎండలో, ఆడవాళ్ళు గొర్రెతోలు కోట్లు వేసుకుని చెమటలు కక్కుకుంటుంటే, జర్మన్ల యూనిఫారాలు వేసుకున్న మన సిపాయిలు, బరాకుల నుంచి తెచ్చిన కుర్రాళ్ళు, తుపాకి మడమతో ముసలమ్మల్ని నెట్టే ముందు, తల్లీ ఏమీ అనుకోవద్దు, అని చెవిలో చెప్పి మరీ నెట్టేవాళ్ళు. అందరూ నవ్వేవాళ్ళు. అందరూ నవ్వారు, ఆ నెల ఊరంతా నవ్వింది, మధ్యాహ్నం పెద్ద గిన్నెల్లో మాంసం పులుసు పెట్టేవాళ్ళు, అది తింటూ కూడా నవ్వేవాళ్ళు. కానీ సినిమాలో నవ్వు దొరికిపోయింది తనది ఒక్కదానిదే.

"ఇప్పుడో?" వంతెన అత్తా. దళం వాళ్ళు వంతెన కింద మందుపాతర పెడుతున్నారు. "మన ఏటి మీద వంతెనెక్కడుందే?" కట్టారత్తా, సినిమాకి కట్టారు. "ఓహో. దేశం కట్టలేదు, సినిమా కట్టింది." వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒటీలియాకు ఒళ్ళంతా చెమట పట్టింది. నవ్వు ఎవరిదైనా ఇప్పుడు తనదిలాగే వినబడుతోంది.

రీలు అయిపోయింది. ఒక్కటే ప్రొజెక్టరు, రీలు మార్చాలంటే దీపాలు వేయాలి. వేశారు. వెలుగులో అందరి మొహాలూ నగ్నంగా, కళ్ళు చికిలిస్తూ, ఒకరినొకరు చూసుకోకుండా ఉండటానికి ముక్కులు చీదుకుంటూ కనబడ్డాయి. ముందు వరసలో తెరేజియా, మొగుణ్ణీ తండ్రినీ అన్ననూ ఒక్క పొద్దున పోగొట్టుకున్న తెరేజియా, నల్ల శాలువా కప్పుకుని నిటారుగా కూర్చుని ఉంది, ఆ రోజు నుంచి ఆ శాలువా దింపలేదు. ఆమె షూటింగుకు రాలేదు. కిటికీ మూసుకుని ఇంట్లో కూర్చుంది. ఒటీలియా వెళ్ళింది. మొదటి రోజే వెళ్ళింది, తల దువ్వుకుని వెళ్ళింది. ఆ రోజు దర్శకుడు తనను ముందుకు పిలిచి, చూడమ్మా, నువ్వు నిజంగా అక్కడ ఉన్నదానివి కదా, నీ భర్తను తీసుకుపోయారు కదా, ఆ రోజు గుర్తు తెచ్చుకో, కన్నీళ్ళు వాటంతటవే వస్తాయి, అన్నాడు ఎంతో మెల్లగా. గుర్తు తెచ్చుకుంది. జర్మన్లు ఆడవాళ్ళందర్నీ స్కూల్లో పెట్టి తలుపులేశారు. దిగువ మైదానం వైపు నుంచి తుపాకుల చప్పుడు వచ్చింది, ముందు గుంపుగా, తరవాత విడివిడిగా. అప్పుడు తనేం అనుకుంది? పొయ్యిలో రొట్టె పెట్టి వచ్చాను, మాడిపోతుంది, అనుకుంది. అదే అనుకుంది. మాడిపోతుంది, ఎవరైనా వెళ్ళి తీస్తే బాగుండు, అని. ఇల్లూ రొట్టే కలిసి కాలిపోయాయి తరవాత. ఆ రోజూ ఏడుపు రాలేదు, కెమెరా ముందు కూడా రాలేదు, దర్శకుడు నిట్టూర్చి పట్నం నటిని పిలిచి ఆమె కళ్ళలో చుక్కలు వేయించాడు. ఒటీలియాను గుంపులో వెనక్కి పంపేశారు. పోతూ పోతూ ఆమెకు కలిగింది సిగ్గు కూడా కాదు, తేలికపడటం. హమ్మయ్య, అనుకుంది.

దీపాలు మళ్ళీ ఆరాయి, ఆరినందుకు బతికిపోయినట్టయింది.

అక్కడే, గుంపు వెనక, లైట్ల దగ్గర ఉండేవాడు బొహూష్. బ్ర్నో నగరం నుంచి వచ్చిన చెక్ భాష మనిషి, చేతుల నిండా కాలిన మచ్చలు, మాట్లాడితే సగం అర్థమయ్యేది సగం నవ్వొచ్చేది, మన భాషే ఎవరో ముక్కు మూసుకుని మాట్లాడుతున్నట్టు. పేరడిగాడు. చెబితే, అబ్బో, రాణీగారి పేరు, అన్నాడు. అంతే జరిగింది మొదటి రోజు. పద్నాలుగేళ్ళలో ఎవరూ ఆమె పేరును అలా నోట్లో తిప్పి చూడలేదు. ఓండ్రెయ్ పెళ్ళాం, రొజాలియా కోడలు, అనేవాళ్ళు, అందులో తప్పేమీ లేదు, అలాగే బతికింది. మర్నాడు ఇంట్లో పిండి కలుపుతూ ఏదో పాట కూనిరాగం తీస్తోందని తనకే తెలియలేదు, అత్తగారు మూల నుంచి, "ఏమ్మా, పక్షి దూరిందా ఇంట్లో?" అంటే ఉలిక్కిపడి ఆపేసింది. మైదానం అంచున, మగవాళ్ళను కాల్చి చంపిన చోట, ఒక చెక్క శిలువ ఉండేది. కెమెరాలో పడుతుంది, సినిమాలో అప్పటికి ఇంకా ఎవరూ చావలేదు కదా, దాన్ని కప్పాలన్నారు. ఫర్ చెట్టు కొమ్మలు నరుక్కొచ్చి కప్పింది ఎవరు? తను. బొహూష్ కొమ్మలు అందిస్తుంటే తను ఒక్కొక్కటీ పేర్చి, ఇప్పుడు చెట్టులా ఉందా, ఇంకొకటి పెట్టనా, అని అడుగుతూ, చేతులకు బంక అంటుకుంటే చూపిస్తూ. ఓండ్రెయ్ పేరు ఆ చెక్క మీద నాలుగో వరసలో ఉంది, కింద బ్లాజెయ్ పేరు. కొమ్మలు పేర్చి పక్కకు జరిగి, మెడ వంచి, బాగుంది, అంది. ఆ మధ్యాహ్నమే జనరేటరు బండి వెనక, అది దడదడలాడుతూ నేల అదురుతుంటే, బొహూష్ ఆమె మొహం మీది ఈకను ఊదాడు. ఈక పోలేదు. పెదవులతో తీశాడు. ఆమె కళ్ళు మూసుకుని అతని చొక్కా గట్టిగా పట్టుకుంది, పట్టుకున్న చేతులకు ఇంకా ఫర్ బంక ఉంది, చొక్కాకు అంటుకుంది, ఇద్దరూ నవ్వారు. ఇంటికి పోతూ దారి సగం వచ్చాక ఆగిపోయింది. ఎక్కడ నిలబడ్డాను నేను? ఏ నేల మీద? కంచె పట్టుకుంది. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళింది. అది కూడా నిజమే, కాదనటానికి లేదు. రోజూ వెళ్ళింది, వాళ్ళు బండ్లు కట్టుకుని పోయేదాకా. బొహూష్ వస్తాననీ అనలేదు, తను రమ్మనీ అనలేదు. బండి ఎక్కి టోపీ ఊపాడు. చెర్రీ పూలు అప్పటికి రాలిపోయాయి, ఈకలు మాత్రం వాన పడేదాకా ముళ్ళకంచెలకు వేలాడుతూనే ఉన్నాయి.

"ఏమయింది, చెప్పవే? చప్పుడు మారింది." ఊళ్ళోకి వచ్చారత్తా. జర్మన్లు. "తలుపులు తంతున్నారు కదూ?" అవునత్తా. "మన తలుపు తన్నలేదు. తీసే ఉంది." అత్తగారి చెయ్యి తన మోకాలి మీదికి వచ్చి కూర్చుంది, ఎండిపోయిన చెయ్యి, తేలిగ్గా. పొగ. తెరంతా పొగ, బూట్లు, కుక్కలు, పట్నం నటి కళ్ళలో చుక్కలు, హాల్లో ఎవరో అప్పుడే వెక్కుతున్నారు. మగవాళ్ళు చేతులు తల మీద పెట్టుకుని నడుస్తున్నారు, మంచు కురుస్తోంది, ఎంత బాగా కురుస్తోంది, ఈకలని ఎవరూ అనుకోరు, తన బొంత లోపలి ఈకలు, మగవాళ్ళ భుజాల మీద మెల్లగా వాలుతున్నాయి. ఇప్పుడు. కాదు, ఇంకా లేదు. ఇప్పుడు. కెమెరా ఆడవాళ్ళ గుంపు వైపు తిరిగింది.

ఆ మొహం ముందు ఎవరిదో అనిపించింది. తలగుడ్డ వెనక్కి జారిపోయిన ఒక మనిషి, గుంపులో అందరి తలలూ ఒక వైపు తిరిగి ఉంటే ఆమె తల ఒక్కటీ మరో వైపు తిరిగి, గడ్డం పైకెత్తి, నోరు తెరిచి, తెర అవతల ఉన్న ఎవరినో చూస్తూ నవ్వుతోంది. బొహూష్ లైటు పక్కన నిలబడి, నెత్తి నిండా ఈకలతో, మెడ సాచి మోచేతులు ఆడిస్తూ బాతులా నడిచాడు అప్పుడు, ఆ బాతు తెర మీద లేదు, నవ్వు మాత్రం ఉంది. రెప్పపాటు కాదు. గిజెలా అబద్ధం చెప్పింది. ఆ నవ్వు మొదలై, పెరిగి, చేత్తో నోరు మూసుకునేదాకా ఉంది. అన్నిటికంటే సిగ్గు ఏమిటంటే, అందంగా ఉంది. పద్నాలుగేళ్ళలో ఆ ఊళ్ళో ఎవరూ అంత అందంగా లేరు, ఒటీలియాకు ఒక్క క్షణం, ఒక్క క్షణమే, అలాగే ఇంకాసేపు ఉండు అనిపించింది తెర మీది మనిషితో, అనిపించిన వెంటనే చెవులు కాలిపోయాయి. ముందు వరసలో తెరేజియా తల మెల్లగా వెనక్కి తిరిగింది. చీకట్లో కళ్ళు కనబడలేదు. తిరిగి ఉందని మాత్రం తెలుస్తోంది. తిరిగే ఉంది. ఆ తరవాత మళ్ళీ తెర వైపు మళ్ళింది.

"మైదానంలోకి తెచ్చారా?" అంది అత్తగారు.

"తెచ్చారత్తా."

"నువ్వు వచ్చావా? గిజెలా చెప్పింది, నువ్వు ఉంటావట కదా."

"వచ్చాను."

"ఏం చేస్తున్నావు?"

పక్కన ఎవరో ముక్కు చీదారు. "ఏడుస్తున్నాను," అంది ఒటీలియా.

"బాగానా?"

"బాగా."

అత్తగారు ఆమె మోకాలి మీద రెండుసార్లు తట్టింది, చంటిపిల్లను తట్టినట్టు. ఆ తట్టడం భరించటం కంటే ఆ బెంచీ మీద నుంచి లేచి, దుప్పటి లాగేసి, వెలుగులో అందరి ముందూ నిలబడటం నయమనిపించింది. లేవలేదు. తెర మీద మగవాళ్ళను వరసగా నిలబెట్టారు. తెల్లటి పళ్ళ నటుడు తల ఎత్తాడు. ఎక్కడి నుంచో వాద్యాలు మొదలయ్యాయి, అతను పాట ఎత్తుకున్నాడు, పక్కవాడు అందుకున్నాడు, వరసంతా అందుకుంది, కొండలు మారుమోగేలా. హాల్లో మగవాళ్ళు టోపీలు తీశారు. ఎవరే పాడుతున్నది, అంది అత్తగారు. మనవాళ్ళు అత్తా. నిలబెట్టారు, పాడుతున్నారు. "ఓండ్రెయ్ కూడానా? బ్లాజెయ్ కూడానా?" అందరూ అత్తా. తుపాకులు పేలాయి. పాట ఒక్కొక్క గొంతూ తగ్గుతూ ఆగింది. అంతటా ఏడుపులు, వెనక గిజెలా బిగ్గరగా ఏడుస్తోంది, అంతా తెలిసి ముందే చూసొచ్చిన గిజెలా కూడా. రొజాలియా ఏడవలేదు.

"వాళ్ళు పాడలేదు," అంది. పెద్దగానే అంది.

"ఉష్, పెద్దమ్మా," అన్నారెవరో. "సినిమా కదా."

"సినిమా అయితే? స్కూలు గోడకి చెవి ఆనించి నిలబడ్డా నేను. కుక్కలు అరిచాయి. కాల్చారు. మనుషుల గొంతు ఒక్కటీ లేదు. ఒక్కటి వినబడి ఉంటే, ఏ కొడుకుదో తెలియకపోయినా, దాన్నే పట్టుకుని బతికేదాన్ని గదరా ఇన్నేళ్ళూ." ప్రొజెక్టరు ఒక్కటే గిరగిరమంటోంది. ఆవిడ కోడలి వైపు వంగింది, ఇప్పుడు గొంతు చాలా చిన్నది. "వాడి నత్తి తీసేశారు. లేని వంతెన కట్టారు. పాట పెట్టారు. ఇందులో మనది అనేది ఒక్కటైనా ఉందేమిటే అమ్మాయ్? నీ కళ్ళు బాగున్నాయి కదా, చూసి చెప్పు."

ఒటీలియా చూసింది. కొమ్మలు కప్పిన శిలువ. పూలు మంచయిన చెట్లు. ఈకలు. చుక్కలు వేసిన కళ్ళు. బరాకుల కుర్రాళ్ళ బూట్లు. కోటు మెడ దగ్గర బొత్తాం తీసింది.

"అత్తా, నేను ఏడవటం లేదు అందులో."

"మరి?"

"నవ్వుతున్నాను. మైదానంలో నిలబడి. వాళ్ళను తీసుకుపోతుంటే."

మోకాలి మీది చెయ్యి కదల్లేదు. నొక్కలేదు, తీసేయలేదు. ఒటీలియా ఆ చేతి బరువు కొలుస్తూ, ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది, అనుకుంటూ ఉండిపోయింది. తెర మీద మంచు కొండలు మళ్ళీ వచ్చాయి, వాటి మీదుగా ఎవరెవరివో పేర్లు పైకి పోతున్నాయి, మేకప్పు వాళ్ళవి, వడ్రంగులవి, లైట్ల వాళ్ళవి. ఆమె చదవలేదు.

"గట్టిగానా?" అంది అత్తగారు.

"గట్టిగానే."

"ఎటు పక్కన?"

"కుడి పక్కన. చివర."

రొజాలియా మొహం అటు తిప్పింది. దుప్పట్లు కలిపి కుట్టిన ఆ తెర కుడి అంచు వైపు, ఆ బొమ్మ ఎప్పుడో దాటిపోయిందని తెలియక, గడ్డం పైకెత్తి, సంతలో జనం మధ్య తనవాళ్ళ కోసం వెతికే మనిషిలా కళ్ళు చికిలించింది. దీపాలు వేశారు. బెంచీలు కిర్రుమన్నాయి, జనం లేచారు, తెరేజియా వాళ్ళ పక్క నుంచే నడిచిపోయింది, గిజెలా కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. ఎవరో కిటికీల దుప్పట్లు లాగేస్తున్నారు, పట్టపగలు ఒక్కొక్క చదరపు ముక్కగా లోపలికి పడుతోంది. ముసలావిడ ఇంకా తెర కుడి అంచు వైపే చూస్తోంది. ఒటీలియా ఆవిడ కోటు రెండు చేతులా పట్టుకుని, మొహం మండిపోతుంటే, ఖాళీ అవుతున్న హాల్లో అందరికీ కనబడేలా నిలబడి ఉంది.